ఆకలి లేదన్న మాట నమ్మకండి

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! మీ ఇంట్లో నెలాఖరు రోజులు ఎలా గడుస్తాయండీ? మా ఇంట్లోనైతే ఇరవై అయిదో తారీఖు దాటిందంటే నూనె క్యాను వంచి చూడటం, పప్పుల డబ్బాలు ఊపి చూడటం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే ఏదో ఒక పండగ వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. పండగకేం తెలుసు పాపం, మన చేతిలో ఎంత ఉందో!

నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు. ఇంటర్ తోనే పెళ్ళయిపోయింది. 2001లో శంషాబాద్ కోడలినై వచ్చాను. అప్పటికి ఇక్కడ ఎయిర్‌పోర్టు లేదు. విమానం ఎక్కేవాళ్ళు బేగంపేట పోయేవారు. మాకు ఇక్కడ బెంగుళూరు రోడ్డు, ఉందానగర్ రైలు స్టేషను, చుట్టూ జొన్న చేలు, చింతచెట్లు, అంతే. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు తెరిచారు. దానితో పాటే మా ఊరి బతుకులన్నీ మారిపోయాయి. మామయ్యగారి చేను ప్లాట్ల కింద పోయింది. వచ్చిన డబ్బులో కొంత ఇంటికి, కొంత ఆడపడుచు పెళ్ళికి అయిపోయింది. మా వారు డ్రైవింగ్ నేర్చుకుని ఫైనాన్సు మీద కారు తీసుకుని ఎయిర్‌పోర్టుకి తిప్పటం మొదలుపెట్టారు. చేను ఉన్నప్పుడు ఆకాశం వంక చూసి బతికాం, ఇప్పుడూ ఆకాశం వంకే చూసి బతుకుతున్నాం, కాకపోతే అప్పుడు మబ్బుల కోసం, ఇప్పుడు విమానాల కోసం అనేది మా అత్తమ్మ.

ఆ విమానాలు ఆగిపోయిన రోజుల సంగతే ఇవాళ మీకు చెప్పబోతున్నాను. దానితో పాటు నాలుగు వంటలు కూడా చెప్తాను. ఖర్చు తక్కువ, కడుపు నిండుతుంది, పండగ పూట వడ్డించినా చిన్నతనం అనిపించదు.

2020 ఉగాది మీకు గుర్తుందా? మార్చి 25, బుధవారం. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన మొదటి రోజు అదే. పై దేశాల విమానాలు అప్పటికే ఆగిపోయాయి, ఇక్కడివి కూడా ఆ రోజు నుంచి బంద్. మా వారి కారు ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబడిపోయింది. వేపపూత రాలి రాలి దాని అద్దం మీద పడుతుంటే, పచ్చడికి పువ్వు వెతుక్కోనక్కర లేకుండా అక్కడినుంచే ఏరుకున్నాను. పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా రెండు మామిడికాయలు అందించారు. ఇంట్లో పావుకిలో శనగపప్పు, పావుకిలో బెల్లం ఉన్నాయి.

"ఈసారికి పచ్చడి ఒక్కటి చేసి దండం పెట్టుకుందాం అత్తమ్మా" అన్నాను.

"పిల్లలున్న ఇంట్ల పోలెలు లేకుంటే ఏం పండగే! పావుకిలోకు పది పోలెలైతయి. మనిషికి రెండు. ఇంకేం గావాలె?" అంది అత్తమ్మ.

అన్నట్టే పదయ్యాయి. పైగా పావుకిలో పప్పుతో రెండు వంటలు చేయించింది. పోలెలు అందరికీ తెలిసినవే, కట్టుచారు మాత్రం కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిలకు తెలియక పోవచ్చు, చెప్తాను. శనగపప్పు ఉడికించేటప్పుడు నీళ్ళు కాస్త ఎక్కువ పోయండి. పప్పు వేలితో నొక్కితే నలిగేలా ఉడికాక నీళ్ళు వంచేస్తాం గదా, ఆ నీళ్ళు పారబోయకండి. అదే కట్టు. దానిలో చింతపండు పులుసు, ఉప్పు, పసుపు, కాస్త కారం వేసి, పోలెల కోసం చేసుకున్న పూర్ణంలోంచి ఒక చెంచాడు కలిపి మరగనివ్వండి. ఎండుమిరపకాయ, ఆవాలు, జీలకర్ర, చితక్కొట్టిన వెల్లుల్లి, కరివేపాకుతో పోపు వేయండి. ఆ చారుతో వేడన్నం తిన్నాక పోలె తింటే, ఇంక కూర ఏదీ అని ఎవరూ అడగరు.

పండగ దాటింది. అసలు కష్టం తరువాత మొదలైంది. రోజు సంపాదన రోజుకే సరిపోయే ఇల్లు మాది. బియ్యం డ్రమ్ములో చెయ్యి పెడితే అడుగు తగులుతోంది. ఇరవై ఒక్క రోజులంటున్నారు, ఆ తరువాత ఏమిటో ఎవరికీ తెలియదు. కారు వాయిదా కట్టాలి. రిజర్వు బ్యాంకు మూడు నెలలు గడువు ఇచ్చుకోవచ్చని చెప్పింది గానీ గడువు వరకే, వడ్డీ ఆగదు గదా.

నేను పైకి ఏమీ అనలేదు. అందరికీ పెట్టి, చివర్లో గిన్నె అడుగున ఉన్న గుప్పెడు అన్నంలో మజ్జిగ నీళ్ళు పోసుకుని తాగేదాన్ని. మన ఆడవాళ్ళకు ఇది ఎవరూ నేర్పనక్కర లేదు, మీకు తెలియనిదా! మా వారేమో రాత్రిపూట "కడుపులో బాగాలేదు, వద్దు" అని లేచిపోయేవారు. అత్తమ్మ సోమవారం ఒక్కపొద్దు అంది, శనివారం ఒక్కపొద్దు అంది, మధ్యలో గురువారం కూడా ఒక్కపొద్దు మొదలుపెట్టింది. నేను పిచ్చిదాన్ని, పెద్దావిడకు భక్తి ఎక్కువైంది కాబోలు అనుకున్నాను. కానీ పొద్దున గిన్నె చూస్తే నేను అనుకున్న దానికన్నా రెండు గుప్పిళ్ళు ఎక్కువే అన్నం మిగిలి ఉండేది. ఎలా మిగిలిందో ఆలోచించే ఓపిక లేక, పెరుగు కలిపి పిల్లలకు పెట్టేసేదాన్ని.

ఒక రాత్రి మా అబ్బాయి, అప్పుడు వాడు ఎనిమిదో తరగతి, కంచం ముందు కూర్చుని సగం అన్నం తీసి గిన్నెలో వేసేశాడు.

"ఏమైందిరా?" అన్నాను.

"నాక్కూడా కడుపులో బాగాలేదమ్మా" అన్నాడు తల ఎత్తకుండా.

పదమూడేళ్ళ పిల్లవాడండీ! గోడకు వేసిన సున్నం కూడా తినేంత ఆకలి ఉండే వయసు. వాడు ఆ మాట అనగానే నాకు అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. మా వారి కడుపు నొప్పి, అత్తమ్మ ఒక్కపొద్దులు, నా మజ్జిగ నీళ్ళు... ఒకరికి తెలియకుండా ఒకరం అందరం ఒకే దొంగతనం చేస్తున్నాం. పెద్దవాళ్ళం దాచామనుకున్నదంతా ఆ పిల్లవాడు చూసి నేర్చుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. మా వారు కంచం వంక చూస్తూ కూర్చున్నారు.

అత్తమ్మే లేచింది. "ఏంరా, కడుపు గాల్చుకుంటే పైసలు మిగుల్తయా? ఏం పిల్లా, నువ్వు గిన్నె గీకుడు నేను సూస్తలేననుకున్నవా? ఆ సర్వ దించు ముందు" అంది.

"మరి మీ ఒక్కపొద్దులు?" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ.

"దేవునికి నేను చెప్పుకుంటలే" అంది. ఆ మాటకు అందరం నవ్వేశాం. అన్ని రోజుల తరువాత ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు.

ఉగాదికి మురుకులు చేద్దామని మర పట్టించిన బియ్యప్పిండి డబ్బా ఒకటి అలాగే ఉండిపోయింది. ఆ రాత్రి దానితో సర్వపిండి చేశాం. కొన్ని చోట్ల తపాల చెక్క అంటారు, కొన్ని చోట్ల గిన్నప్ప అంటారు. పేరేదైనా పద్ధతి ఇంచుమించు ఒకటే. కొలత రాసుకోండి.

బియ్యప్పిండి నాలుగు గ్లాసులు. శనగపప్పు గుప్పెడు, గంట సేపు నానబెట్టాలి. పల్లీలు రెండు గుప్పిళ్ళు వేయించి కచ్చాపచ్చాగా దంచాలి. నువ్వులు మూడు చెంచాలు. ఉల్లికాడలు ఉంటే సన్నగా తరిగి వేయండి, లేకపోతే రెండు ఉల్లిపాయలు. కరివేపాకు, కొత్తిమీర, పచ్చిమిర్చీ వెల్లుల్లీ కలిపి నూరిన ముద్ద, జీలకర్ర, ఉప్పు. ఇవన్నీ పిండిలో వేసి గోరువెచ్చని నీళ్ళతో రొట్టె పిండికన్నా కాస్త మెత్తగా కలుపుకోవాలి. సర్వ లోపల అడుగుకీ అంచులకీ నూనె రాసి, పిండి ముద్ద పెట్టి చేత్తో పల్చగా అద్దాలి. మధ్య మధ్య వేలితో చిల్లులు పెట్టి ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేయాలి. మూత పెట్టి సన్న సెగ మీద పది, పన్నెండు నిమిషాలు ఉంచితే అడుగు ఎర్రగా కాలి అంచులు వాటంతటవే విడుస్తాయి. తిప్పి వేయనక్కర లేదు. ఇంకొకటి చేసే ముందు సర్వను బోర్లించి వెనక నీళ్ళు చల్లి చల్లార్చుకోండి. వేడి సర్వలో పిండి అద్దితే చెయ్యీ కాలుతుంది, పిండీ సాగదు. సర్వ లేనివాళ్ళు కాస్త లోతైన మూకుడులో చేసుకోవచ్చును.

ఆ కొలతకు మా పెద్ద సర్వలో నాలుగయ్యాయి. అత్తమ్మ ఒక్కో పిండినీ పళ్ళెంలో బోర్లించి చేత్తోనే అయిదు ముక్కలు చేసింది. అందరినీ చుట్టూ కూర్చోబెట్టింది. మనిషికి నాలుగేసి ముక్కలు. అన్నమైతే గిన్నెలో ఎంతుందో, కంచంలో ఎంత పెట్టుకున్నారో కనపడదు. ఇది అలా కాదు. ఎవరి ముక్క వాళ్ళ ముందు కనపడుతూ ఉంటుంది, ఒకరు తినకపోతే మిగిలినవాళ్ళకు తెలిసిపోతుంది. అందుకే అత్తమ్మ అన్నం వండించకుండా సర్వ దింపించిందని నాకు ఆ తరువాత తట్టింది.

తిన్నాక మా వారు ఎంత అప్పు ఉందో, చేతిలో ఎంత ఉందో మొదటిసారి అందరి ముందూ చెప్పారు. నేను పోపుల డబ్బా వెనక దాచుకున్నది తెచ్చి ముందు పెట్టాను. ఇంటర్ పరీక్షలు అయిపోయిన మా అమ్మాయి పాత క్యాలెండరు కాగితం వెనక లెక్క రాసింది. భయం పోయిందని అనను గానీ, ఎవరి భయాన్ని వాళ్ళే మోసే పని తప్పింది.

ఏప్రిల్ లో రేషను వచ్చింది. ఆ నెల మన తెలంగాణలో తెల్లకార్డు ఉన్నవాళ్ళకు మనిషికి 12 కిలోల బియ్యం ఉచితంగా ఇచ్చారు, ఇంటికి 1,500 రూపాయలు కూడా వేశారు. మా అయిదుగురికి 60 కిలోలు. దూరం దూరంగా గీసిన గుండ్రాల్లో నిలబడి తెచ్చుకున్నాం. దొడ్డు బియ్యం అన్నానికి కొంచెం మొరటు అంటారు గానీ సర్వపిండికి చక్కగా ఉంటుంది. కడిగి, నీడన గుడ్డ మీద ఆరబెట్టి గిర్నీలో పట్టించుకుంటే సరి. ఇప్పుడైతే సన్నబియ్యమే ఇస్తున్నారు లెండి, 2025 ఉగాది నుంచి, మనిషికి 6 కిలోలు. దాంతోనూ చేస్తున్నాను, బాగానే వస్తోంది.

బియ్యం ఉంటే సరా, అందులోకి ఏం వండాలి? మా అమ్మాయి క్యాలెండరు మీద వారానికి సరిపడా రాసింది. ఒకరోజు పప్పుచారు. ఒకరోజు పెరట్లో తోటకూర. ఒకరోజు పిట్ల. పిట్ల అంటే ఉల్లిపాయలు, పచ్చిమిర్చి పోపులో వేయించి, శనగపిండిని నీళ్ళలో జారుగా కలిపి పోసి, ఉండ కట్టకుండా కలుపుతూ ఉడికించే కూర. కూరగాయ ఒక్కటి లేని రోజున కూడా అయిదుగురికి వస్తుంది. చింతచెట్లు చిగురించే కాలం కాబట్టి ఒకరోజు చింతచిగురు పప్పు. ఒకరోజు కిచిడీ, దానిలోకి పచ్చిపులుసు.

పచ్చిపులుసుకి పొయ్యితో పనే ఉండదు, ఒక్క పోపుకి తప్ప. గ్యాసు మిగులుతుంది. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి నాలుగు గ్లాసుల నీళ్ళతో పులుసు పిండండి. నాలుగు పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి, ఉప్పు, జీలకర్ర వేసి చేత్తో నలపండి. సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, చిటికెడు బెల్లం వేసి అన్నీ పులుసులో పిసికి కలిపి పోపు పెట్టండి. వేయించిన నువ్వుల పొడి ఒక చెంచా వేస్తే ఇంకా కమ్మగా ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం ముద్దపప్పు, పచ్చిపులుసు, కాల్చిన అప్పడం... చెప్తుంటేనే నోరూరుతోంది.

పైసలు లేక తినే తిండి ఇది అని చిన్నచూపు చూడకండి. బియ్యంలో తక్కువైన మాంసకృత్తుల భాగాన్ని పప్పులు సరిచేస్తాయి. అందుకే అన్నం, పప్పు కలిపి తినమంటారు. నువ్వుల్లో సున్నం పుష్కలంగా ఉంటుంది, ఆడవాళ్ళ ఎముకలకు మంచిది. సర్వపిండిలో బియ్యం, పప్పు, పల్లి, నువ్వు అన్నీ ఒకచోటే ఉన్నాయి చూశారా! పుస్తకాలు చదవకపోయినా మన పెద్దవాళ్ళు లెక్క తప్పలేదు.

మే 25న దేశంలో విమానాలు మళ్ళీ తిరగటం మొదలైంది. మా వారు కారు కడిగి, నిమ్మకాయ కట్టి బయలుదేరారు. మొదటి రోజు ఒక్క బేరమే తగిలింది. అయినా ఆ రాత్రి ఆయన కడుపు నొప్పి అనలేదు!

ఆ ఏడాది బతుకమ్మ కూడా అధిక మాసం వచ్చి అక్టోబరుకు జరిగింది. దానికి ముందు 13వ తారీఖున పెద్ద వాన. గగన్‌పహాడ్ దగ్గర చెరువు కట్ట తెగి బెంగుళూరు రోడ్డు కోసుకుపోయింది. మళ్ళీ కొన్ని రోజులు కారు ఇంటి దగ్గరే. సద్దుల బతుకమ్మ నాటికి చేతిలో డబ్బు అంతంత మాత్రం. కానీ అప్పటికి నాకు ధైర్యం వచ్చింది. సద్దులకు కావలసింది డబ్బు కాదు, ఒక పెద్ద గిన్నెడు అన్నం.

కిలో బియ్యం పొడిపొడిగా వండి, వెడల్పు పళ్ళెంలో పోసి, చెంచాడు నూనె చిలకరించి చల్లార్చండి. దాన్ని అయిదు భాగాలు చేయండి. ఒక దానిలో పెరుగు, పోపు. ఒకదానిలో చింతపండు పులుసు ఉడికించి పులిహోర. ఒకదానిలో నిమ్మరసం. ఒకదానిలో నువ్వులు వేయించి ఎండుమిర్చితో కొట్టిన పొడి. ఒకదానిలో అర చిప్ప పచ్చి కొబ్బరి తురుము. నిమ్మరసం మాత్రం అన్నం చల్లారాకే కలపండి, లేకపోతే చేదెక్కుతుంది. పోపు అన్నిటికీ ఒకేసారి పెద్ద గరిటెలో పెట్టుకుంటే నూనె కలిసొస్తుంది. తీపికి మలీద ముద్దలు. నాలుగు చపాతీలు కాల్చి, వేడి తగ్గాక చేత్తో నలిపి, బెల్లం తురుము, రెండు చెంచాల నెయ్యి, యాలకుల పొడి వేసి ముద్దలు కట్టడమే. రోలు ఉంటే దంచండి, లేకపోతే మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే చాలు. ఒక్క కిలో బియ్యంతో అయిదు రకాల సద్దులు, ఒక తీపి. మా వాకిట్లో బతుకమ్మ ఆడిన వాళ్ళందరికీ దూరంగా నిలబడే పంచిపెట్టాం, ఇంట్లో వాళ్ళకూ మిగిలింది.

అత్తమ్మ 2022లో వెళ్ళిపోయింది. ఆవిడ సర్వ నా దగ్గరే ఉంది. అడుగు కొంచెం సొట్ట పడింది, అయినా మార్చలేదు. మా అమ్మాయి డిగ్రీ అయ్యాక బెంగుళూరులో ఉద్యోగానికి వెళ్ళింది. మా వారు ఎయిర్‌పోర్టు దగ్గర రోజూ చూస్తుంటారట, అమెరికా వెళ్ళే పిల్లల పెట్టెలు బరువు ఎక్కువైతే తల్లులు అక్కడే విప్పి బట్టలు తీసేస్తారు గానీ సకినాలు, పచ్చళ్ళు తీయనివ్వరట. మా పిల్ల వెళ్ళింది బెంగుళూరు బస్సుకే అయినా నేనూ ఒక డబ్బా నిండా సర్వపిండి ముక్కలు కట్టి ఇచ్చాను. రెండు రోజులు నిల్వ ఉంటాయి.

మొన్న నెలాఖరున రాత్రి ఫోను చేసింది. "అమ్మా, నాన్‌స్టిక్ పెనంలో సర్వపిండి వస్తుందా?" అని.

"వస్తుంది గానీ, ఇప్పుడెందుకే? తిన్నావా?" అన్నాను.

"నాకు ఆకలి లేదులే. నా రూములో ఉండే అమ్మాయి కూడా ఆకలి లేదంటోంది" అని ఊరుకుంది. ఒక నిమిషం ఆగి, "అందుకే చేద్దామనుకుంటున్నా" అంది.

కొలతలన్నీ మళ్ళీ చెప్పాను. రెండు గ్లాసుల పిండి చాలన్నాను. ముక్కలు సమానంగా చేసుకోమని మాత్రం చెప్పలేదు. అది దానికి తెలుసు.

చెల్లెమ్మలూ, ఖర్చు తగ్గించుకోవటం మనకు కొత్త కాదు. ఉల్లిపాయ ధర పెరిగితే ఏం చేయాలో, నూనె ధర పెరిగితే ఏం చేయాలో మనకు ఒకరు చెప్పనక్కర లేదు. కానీ ఖర్చు తగ్గించటానికి మన కడుపు మాడ్చుకోవటం ఒక్కటే దారి అనుకోకండి. పిల్లలు మనం చెప్పింది నేర్చుకోరు, మనం చేసేది నేర్చుకుంటారు. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా "నాకు ఆకలి లేదు" అంటే నమ్మకండి. ఆ మాట మీ నోట వచ్చినా సరే నమ్మకండి. సర్వ దించండి, అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకోండి.